ముఖపత్రం మీద పేరు

ఎవరి స్మృతిలో మనమంతా ఇక్కడ కూడామో ఆ ఆచార్యులవారు జీవితమంతా ఆంగ్ల సాహిత్యం బోధించారు. ముఖపత్రం చదవకుండా మొదటి అధ్యాయంలోకి దూకిన విద్యార్థిని ఆయన వెనక్కి తిప్పేవారని ఈ సభలో చాలామందికి అనుభవమే. ఆ ముఖపత్రాన్నే ఈ సాయంత్రం విషయంగా తీసుకుంటున్నాను.

1847 అక్టోబరులో లండన్‌లోని స్మిత్, ఎల్డర్ అండ్ కంపెనీ మూడు సంపుటాల నవల ఒకటి ప్రచురించింది. అట్ట తిప్పితే మొదట ‘జేన్ ఎయర్’ అన్న పేరు, దాని కింద అది ఆత్మకథ అన్న మాట, ఆ కింద దానికి కర్రర్ బెల్ సంపాదకుడన్న ప్రకటన కనిపిస్తాయి. ఆత్మకథ కనుక రాసింది జేన్ ఎయర్ అనుకోవాలి; ఆమె కల్పిత పాత్ర. సంపాదకుడు కర్రర్ బెల్ అనుకుందామా, ఆ పేరు గల మనిషి లోకంలో లేడు. నిజంగా రాసిన మనిషి, యార్క్‌షైర్‌లోని హావర్త్ గ్రామంలో చర్చి మతాధికారి కుమార్తె షార్లట్ బ్రాంటీ, ఆ పుట మీద ఎక్కడా లేదు. 1848లో వచ్చిన రెండో ముద్రణలో కర్రర్ బెల్ సంపాదకుడి హోదా నుంచి రచయిత హోదాకు ఎదిగాడు. షార్లట్ మాత్రం అప్పుడూ రాలేదు.

రొమాంటిక్, విక్టోరియన్ యుగాల సాహిత్యంలో స్త్రీత్వం గురించి, స్త్రీ అస్తిత్వం గురించి గత అర్ధశతాబ్దిగా జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఇలాంటి పుటల ముందు నిలబడి తెర వెనక ఉన్నదెవరని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది: తెర వెనక ఒక స్త్రీ సంపూర్ణంగా, సిద్ధంగా కూర్చుని ఉందనీ, తెర తొలగిస్తే చాలు ఆమె కనిపిస్తుందనీ. నాకు ఆ నమ్మకం లేదు. చట్టం వివాహిత స్త్రీకి స్వంత పేరు లేకుండా చేసిన సమాజంలో, పేరు పెట్టుకోవడం, మార్చుకోవడం, పెట్టుకోకపోవడం అనే పనుల ద్వారానే ఈ రచయిత్రులు తమ అస్తిత్వాన్ని నిర్మించుకున్నారని నా వాదం. ఆ నిర్మాణానికి ఖర్చు ఎవరు భరించారన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న.

చట్టంతో మొదలుపెడదాం. 1765 నుంచి వెలువడిన తన న్యాయ వ్యాఖ్యానంలో విలియం బ్లాక్‌స్టోన్ ఇంగ్లండు వివాహ ధర్మాన్ని విశదీకరించాడు. పెళ్ళితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే వ్యక్తి అవుతారు. భార్య చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో కలిసిపోతుంది. ఆచరణలో ఆ ఒక్క వ్యక్తి భర్తే. ఆమె సంపాదన అతనిది. ఆమె సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు. రచయిత్రి విషయంలో ఇది ఎక్కడికి దారితీస్తుందో ఊహించడం కష్టం కాదు. పుస్తకం మీద ఆమె పేరున్నా, ఆ పుస్తకానికి వచ్చిన డబ్బు మీద ఆమె పేరు ఉండదు.

షార్లట్ స్మిత్ కథ ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే రొమాంటిక్ కవిత్వ చరిత్రలో ఆమెకు దక్కవలసిన చోటు చాలాకాలం దక్కలేదు. 1784లో, భర్త అప్పులపాలై లండన్‌లోని కింగ్స్ బెంచ్ చెరసాలలో ఉన్నప్పుడు, ఆమె అతనితోపాటు అక్కడ కొంతకాలం గడుపుతూ తన సానెట్ల సంపుటి ప్రచురించింది. ముఖపత్రం మీద తన పేరు వేసుకుని, పక్కన ససెక్స్‌లోని బిగ్నర్ పార్క్ నివాసినినని చేర్చింది. బిగ్నర్ పార్క్ ఆమె పుట్టింటి ఎస్టేటు. చెరసాల నీడలో ఉన్న స్త్రీ తనను భర్త ఇంటితో కాక పుట్టింటి భూమితో పరిచయం చేసుకుంది. ఆ తరువాత భర్త నుంచి విడిపోయి, పిల్లలను పోషించడానికి నవల మీద నవల రాసింది. విడిపోయినా చట్టం ప్రకారం ఆ సంపాదన మీద భర్తకు హక్కు ఉండనే ఉంది. ఆమె మామగారు వెస్టిండీస్ వ్యాపారి. ఆయన రాసిన వీలునామా వివాదం ఆమె 1806లో చనిపోయాక కూడా తెగలేదు. ఆ వెస్టిండీస్ డబ్బు దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఎలిజబెత్ గాస్కెల్ అనుభవం ఇంత విషాదం కాదు, కానీ ఇంతే స్పష్టం. 1850లో డికెన్స్ పత్రికకు ఆమె రాసిన కథకు ఇరవై పౌండ్లు వచ్చాయి. ఆమె భర్త విలియం, మాంచెస్టర్‌లో సౌమ్యుడని పేరున్న మతబోధకుడు, ఆ సొమ్మును నింపాదిగా తన జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడని ఆమె స్నేహితురాలికి రాసింది. దౌర్జన్యం లేదు, తగవు లేదు. చట్టం చెప్పినట్టు జరిగిందంతే. 1865లో ఆమె తన రచనల సంపాదనతో హాంప్‌షైర్‌లోని హోలీబోర్న్‌లో ఒక ఇల్లు కొన్నది, భర్తకు చెప్పకుండా. ఆ నవంబరులో ఆ ఇంట్లోనే, కుమార్తెల సమక్షంలో, మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రాణం విడిచింది.

1836లో భర్త తెచ్చిన వ్యాజ్యంతో పిల్లలకు దూరమైన కేరొలిన్ నార్టన్ పోరాటం 1839 నాటి శిశు సంరక్షణ చట్టానికి దారితీసింది. 1856లో బార్బరా బోడిషన్ నడిపిన ఉద్యమం వివాహిత స్త్రీల ఆస్తి హక్కు కోసం పార్లమెంటుకు పెట్టిన వినతిపత్రాల మీద దాదాపు 26,000 సంతకాలు పడ్డాయి. గాస్కెల్ సంతకం చేసింది. ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ చేసింది. కోరినది పూర్తిగా రావడానికి 1870, 1882 చట్టాల దాకా ఆగవలసి వచ్చింది. సాహిత్య చరిత్రకారులు ఈ తేదీలను ‘నేపథ్యం’ అన్న శీర్షిక కింద ఒక పేరాలో ముగిస్తారు. ఆ సంతకాల జాబితాను కూడా ఆ యుగపు సాహిత్య పాఠాల్లో ఒకటిగా చదవాలి.

ఇక రొమాంటిక్ యుగం. మనం చదువుకున్న రొమాంటిసిజం ‘నేను’ అనే మాట మీద నిలబడింది. ప్రకృతి ముందు ఒంటరిగా నిలిచి, దాన్ని తనలోకి తీసుకుని, తన చైతన్యాన్ని విశ్వమంత చేసుకునే కవి. 1988లో స్టువర్ట్ కరన్, 1993లో ఆన్ మెల్లర్ ఈ నమూనాను తీవ్రంగా ప్రశ్నించారు. ఆరుగురు పురుష కవుల నుంచి తీసిన సూత్రాన్ని యుగం మొత్తానికి అంటగట్టామని, షార్లట్ స్మిత్, మేరీ రాబిన్సన్, ఫెలీషియా హెమన్స్ వంటివారిని చదివితే ఆ యుగపు ముఖమే మారిపోతుందని వారు చూపించారు.

డొరతీ వర్డ్స్‌వర్త్ ఉదాహరణ ప్రసిద్ధమైనదే అయినా ఒకసారి దగ్గరగా చూడాలి. 1802 ఏప్రిల్ 15న ఆమె, అన్న విలియం అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున నడుస్తూ డాఫడిల్ పూల బారును చూశారు. ఆమె దినచర్య పుస్తకంలో ఆ పూలు రాళ్ళ మధ్య నాచు మీద పెరిగి ఉన్నాయి. కొన్ని అలసినట్టు రాళ్ళ మీద తల వాల్చాయి, మిగిలినవి గాలికి ఊగాయి. చూసినది ఇద్దరు. రెండేళ్ళ తరువాత అన్న రాసి, 1807లో అచ్చు వేసిన కవితలో మాత్రం చూసినవాడు ఒంటరివాడు. చెల్లెలు లేదు. ఇది దొంగతనమని అనేవారున్నారు. నేను అనను. ఆ ఇంట్లో ఆ దినచర్య అన్న చదువుకోవడానికే రాసినది, అతనికి ఆనందమివ్వడానికే రాస్తున్నానని ఆమే చెప్పుకుంది. మార్గరెట్ హోమన్స్ 1980 నాటి గ్రంథంలో గమనించింది ఇంతకంటే లోతైనది: ప్రకృతిని స్త్రీగా, తల్లిగా, మూగదిగా భావించే కావ్య సంప్రదాయంలో స్త్రీ తాను ‘నేను’ అని ఎక్కడ నిలబడి అనాలి? డొరతీ ఆ చోటు కోసం వెతకలేదు. అచ్చులో పేరు వేసుకోవాలన్న కోరిక తనకు లేదని స్పష్టంగానే చెప్పింది. ఆమె వాక్యాల్లో కర్త తరచుగా జారిపోతుంది; పూలు, గాలి, బాటసారులు ఉంటారు, చూసే మనిషి తప్పుకుంటుంది. దీన్ని అణచివేత అని మాత్రమే చదివితే ఆ గద్యంలోని ప్రత్యేకమైన దృష్టిని పోగొట్టుకుంటాం. ఆత్మగౌరవంతో కూడిన స్వేచ్ఛ అని మాత్రమే చదివితే ఆ ఇంటి పనిభారాన్ని మరిచిపోతాం.

మేరీ షెల్లీకి పేరు కొరత లేదు, పేర్ల బరువు ఉంది. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1797లో ఆమెను కని పదిరోజులు తిరిగేసరికి మరణించింది. మరుసటి ఏడు తండ్రి విలియం గాడ్విన్ రాసిన జీవితచరిత్ర భార్య ప్రేమలను, పెళ్ళికి ముందు పుట్టిన బిడ్డను, ఆత్మహత్యా ప్రయత్నాలను దాచకుండా లోకానికి చెప్పేసింది. ప్రేమతోనే చెప్పాడు. ఫలితంగా ఒక తరం పాటు మర్యాదస్థులైన స్త్రీలు వుల్‌స్టన్‌క్రాఫ్ట్ పేరు పైకి ఎత్తడానికి జంకారు. ఆ కూతురు 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పేరు లేకుండా ప్రచురించి తండ్రికి అంకితమిచ్చింది. రాసినది పెర్సీ షెల్లీ అయి ఉంటాడని వాల్టర్ స్కాట్ అనుకున్నాడు. 1823 ముద్రణలో ఆమె పేరు వచ్చింది. పెర్సీ చనిపోయాక, మనవడి పోషణకు డబ్బు ఇస్తున్న మామగారు సర్ టిమొతీ షెల్లీ ఇంటిపేరు అచ్చులో కనిపించకూడదన్నాడు. కనుక 1826లో ‘ది లాస్ట్ మ్యాన్’ మీద ఆమె పేరు లేదు, ‘ఫ్రాంకెన్‌స్టైన్ రచయిత’ అని మాత్రమే ఉంది. నవలలో సృష్టికర్త పేరు పెట్టకుండా వదిలేసిన ప్రాణికీ దీనికీ సంబంధం అంటగట్టడం విమర్శకులకు అలవాటు. అలాంటి సమాంతరాలు నాకు కాస్త సులువుగా దొరికినట్టే అనిపిస్తాయి. కొడుకు పెంపకానికయ్యే సొమ్ము మేరీ షెల్లీ సంతకాన్ని శాసించిందన్నది మాత్రం సమాంతరం కాదు, వాస్తవం.

విక్టోరియన్ నవలలో ఈ పేరు సమస్య కథలోపలికే వచ్చింది. ఎమిలీ బ్రాంటీ ‘వుదరింగ్ హైట్స్’ మూడో అధ్యాయంలో కథకుడు లాక్‌వుడ్ మంచు తుపానులో చిక్కి ఆ ఇంట్లో రాత్రి గడుపుతాడు. పెట్టెలాంటి పడకలో, కిటికీ గట్టు మీది రంగును గీకి రాసిన అక్షరాలు చూస్తాడు. పెద్దవి, చిన్నవి, రకరకాల వ్రాలు. అన్నీ ఒకే పేరు. కేథరిన్ ఎర్న్‌షా. అక్కడక్కడా కేథరిన్ హీత్‌క్లిఫ్. మరోచోట కేథరిన్ లింటన్. ఒక ఆడపిల్ల తనకు దొరకగల ఇంటిపేర్లన్నీ ఆ గట్టు మీద రాసి చూసుకుంది. ఎడమ నుంచి కుడికి చదివితే అది తల్లి కేథరిన్ జీవితం, కుడి నుంచి ఎడమకు చదివితే కూతురు కేథరిన్ జీవితమని ఫ్రాంక్ కెర్మోడ్ గమనించారు. లింటన్‌గా పుట్టి, హీత్‌క్లిఫ్ కొడుకును కట్టుకుని హీత్‌క్లిఫ్ అయి, చివరికి ఎర్న్‌షాను పెళ్ళాడబోతుంది కూతురు. నవల స్థూలనిర్మాణమంతా ఆ కిటికీ గట్టు మీద ఇమిడిపోయింది. మగ పాత్రల పేర్లు ఇలా గీకవలసిన అవసరం రాలేదు. హీత్‌క్లిఫ్ ఒక్కడే మినహాయింపు; ఇంటిపేరు లేని అతనికి చనిపోయిన బిడ్డ పేరునే రెండింటికీ కలిపి పెట్టారు.

‘జేన్ ఎయర్’లో ఇంకా సూటిగా ఉంటుంది. పెళ్ళికి ముందురోజు పెట్టెలు కట్టి సిద్ధంగా ఉంచారు. మిసెస్ రాచెస్టర్ అని వరుడు రాచెస్టర్ స్వయంగా రాసిన చీటీలను వాటికి తగిలించడమే తరువాయి. జేన్ వాటిని తగిలించదు. ఆ స్త్రీ ఇంకా పుట్టలేదని ఆమె అభిప్రాయం. మరునాడు ఆ పెళ్ళి ఆగిపోతుంది, ఆమె ఆ ఇల్లు విడిచి పారిపోయి వేరే పేరుతో బతుకుతుంది. ఒకరోజు, ఆమెకు ఆశ్రయమిచ్చిన సెయింట్ జాన్ ఆమె గీసిన బొమ్మ మీద కప్పిన కాగితం అంచు చింపుకుపోతాడు. పరధ్యానంలో ఆమె తన చేత్తో నల్లసిరాతో రాసుకున్న రెండు మాటలు దాని మీద ఉన్నాయి: జేన్ ఎయర్. ఆ కాగితం ముక్క ఆమెను ఆమెకు అప్పగిస్తుంది. వెంటనే ఇరవై వేల పౌండ్ల ఆస్తిని కూడా. పేరు బయటపడిన క్షణమూ ఆస్తి చేతికొచ్చిన క్షణమూ ఒకటే కావడం షార్లట్ బ్రాంటీ తెలిసి చేసిన పనే. జేన్ ఆ ఆస్తిని తనతో కలిపి నలుగురు బంధువుల మధ్య సమంగా పంచి, ఐదు వేలు తాను ఉంచుకుని, ఆ తరువాతే పెళ్ళికి వెళుతుంది.

ఈ నవల మీద శాండ్రా గిల్బర్ట్, సూసన్ గూబార్ 1979లో ‘ది మ్యాడ్‌వుమన్ ఇన్ ది ఆటిక్’లో చేసిన వ్యాఖ్యానం ఒక తరాన్ని మార్చింది. రాచెస్టర్ మూడో అంతస్తులో బంధించిన తన భార్య బెర్తా జేన్‌కు శత్రువు కాదని, జేన్ లోపల నొక్కిపెట్టిన కోపానికి ఆమె మరో రూపమని వారు అన్నారు. ఆ చదువు వచ్చాక ఆ నవలను పాత పద్ధతిలో చదవడం ఎవరికీ సాధ్యపడలేదు. సరిగ్గా ఆరేళ్ళకు, 1985లో, గాయత్రీ చక్రవర్తి స్పివాక్ ఆ చదువు పునాదినే కదిలించారు. బెర్తాను జేన్ మనసులో ఒక భాగంగా చదవడమంటే, జమైకాలో పుట్టిన స్త్రీని ఇంగ్లీషు స్త్రీ ఆత్మకథలో సరంజామాగా మార్చడమే. జేన్ వ్యక్తిగా ఎదగడానికి బెర్తా ఇల్లు తగలబెట్టి తాను చచ్చిపోవాలి. సామ్రాజ్యం చేసే పనిని ఇక్కడ కథ చేస్తున్నదని స్పివాక్ వాదం.

పేరు వైపు నుంచి చూస్తే స్పివాక్ మాట మరింత బలపడుతుంది. బెర్తా పూర్తి పేరు మనకు ఎలా తెలుస్తుంది? పెళ్ళి ఆపిన న్యాయవాది చర్చిలో చదివిన పత్రం ద్వారా. బెర్తా ఆంటొనెట్టా మేసన్, వర్తకుడు జోనస్ మేసన్ కూతురు, జమైకాలోని స్పానిష్ టౌన్‌లో వివాహం. కింద సంతకం ఆమె సోదరుడిది. నవలలో ఆమె ఒక్క మాట మాట్లాడదు, ఒక్క అక్షరం రాయదు. జేన్‌కు చేరిన ఆస్తి వెనక్కి తవ్వితే మదీరా దీవిలోని పినతండ్రి కనిపిస్తాడు. ఆయన ఫంచల్‌లో ఉంటూ మేసన్ వర్తక సంస్థకు ప్రతినిధిగా పనిచేసినవాడు. జేన్ సంతకం విలువ, బెర్తా మౌనం ఒకే వర్తకపు లెక్కల పుస్తకంలో ఉన్నాయి. షార్లట్ స్మిత్ మామగారి వెస్టిండీస్ డబ్బు దగ్గరికి మళ్ళీ వస్తానన్నది ఇందుకే. ఎలిజబెత్ బారెట్ కుటుంబ సంపద కూడా జమైకా చెరకు తోటలదే. ఆమె దాన్ని సిగ్గుతో గుర్తించి బానిస స్త్రీ గొంతుతో దీర్ఘకవిత రాసింది. 1966లో జీన్ రీస్ రాసిన ‘వైడ్ సార్గాసో సీ’లో ఆ జమైకా స్త్రీ పేరు ఆంటొయినెట్, బెర్తా అన్నది భర్త ఆమె మీద రుద్దిన పేరు. సృజనాత్మక రచయిత్రి ఒకరు విమర్శకులకంటే పంతొమ్మిదేళ్ళ ముందే ఆ గాయాన్ని గుర్తించారు.

మారుపేర్లను స్త్రీలు ధరించిన కవచాలుగా చదవడం ఎలేన్ షోవాల్టర్ 1977 నాటి గ్రంథంతో బలపడింది. 1840 నుంచి 1880 వరకు ఆమె నిర్ణయించిన తొలిదశకు పురుష నామాలే గుర్తు. ఆ పరిశీలన విలువైనదే. అయితే బ్రాంటీ సోదరీమణులు ఏరుకున్న కర్రర్, ఎలిస్, ఆక్టన్ అనే పేర్లు స్పష్టంగా మగ పేర్లు కావు. మగవాళ్ళమని అబద్ధం చెప్పడం ఇష్టం లేక, ఆడవాళ్ళమని చెప్పుకోవడమూ ఇష్టం లేక అటూ ఇటూ కాని పేర్లు ఎంచుకున్నామని 1850లో షార్లట్ వివరించింది. 1848 జులైలో, ముగ్గురు బెల్‌లూ ఒక్కరేనని మరో ప్రచురణకర్త ప్రచారం చేస్తే, షార్లట్, ఆన్ ఇద్దరూ రాత్రి రైలెక్కి లండన్ వెళ్ళి కార్న్‌హిల్‌లోని ప్రచురణ సంస్థలో యువ యజమాని జార్జ్ స్మిత్ ఎదుట నిలబడ్డారు. షార్లట్ అతను రాసిన ఉత్తరాన్ని అతని చేతిలోనే పెట్టింది. ఇది మీకెక్కడిదని అతను అడిగాడు. ఆ క్షణంలో కర్రర్ బెల్‌కు ఒక ముఖం వచ్చింది. హావర్త్‌లో ఉండిపోయిన ఎమిలీకి ఇది నచ్చలేదు. మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళం అని అక్క నోరు జారినందుకు కోపించింది. ఎలిస్ బెల్ బయటపడటం ఆమె కోరుకోలేదు. ఆ సంవత్సరం డిసెంబరులోనే ఆమె మరణించింది. ఆమె పేరు వెల్లడైనది ఆమె లేనప్పుడు, అక్క చేతి మీదుగా.

ఎమిలీ అభ్యంతరాన్ని విమర్శ సీరియస్‌గా తీసుకోవాలని నా మనవి. కేథరిన్ గాలఘర్ 1994లో చూపినట్టు, ‘ఎవరూ కాకపోవడం’ స్త్రీ రచయితలకు మార్కెట్టులో లోటు మాత్రమే కాదు, పెట్టుబడి కూడా. జార్జ్ ఎలియట్ దీన్ని అందరికంటే బాగా ఎరుగును. మేరీ ఆన్ ఎవాన్స్‌గా పుట్టి, మేరియన్ ఎవాన్స్‌గా 1854లో ఫాయర్‌బాఖ్ అనువాదం మీద పేరు వేసుకుని, వివాహితుడైన జార్జ్ హెన్రీ లూయిస్‌తో సహజీవనం మొదలుపెట్టి తనను మిసెస్ లూయిస్ అని పిలవాలని పట్టుబట్టి, 1857లో జార్జ్ ఎలియట్ అయి, చివరి ఏడు నెలలు మేరీ ఆన్ క్రాస్‌గా గడిపింది. అన్న ఐజాక్, లూయిస్ సంగతి తెలిసి 1857లో మాటలు మానేసి, 1880లో ఆమె చట్టబద్ధంగా పెళ్ళి చేసుకున్నాకే మళ్ళీ ఉత్తరం రాశాడు. ఇన్ని పేర్లలో ‘అసలు’ పేరు ఏది? 2020లో ఒక సాహిత్య బహుమతి రజతోత్సవం సందర్భంగా ‘మిడిల్‌మార్చ్’ను మేరీ ఆన్ ఎవాన్స్ పేరుతో పునర్ముద్రించారు, ఆమె హక్కును ఆమెకు తిరిగి ఇస్తున్నామన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ నవల రాసేనాటికి ఆ పేరుతో ఆమె సంతకం చేయడం లేదు. పెళ్ళిచట్టం ఒప్పుకోని బంధంలో బతికిన స్త్రీ తన ఇష్టంతో కట్టుకున్న పేరును తీసేసి, చిన్ననాడు తండ్రి నమోదు చేయించిన పేరు పెట్టడాన్ని న్యాయం అనుకోవడానికి నా మనసు ఒప్పుకోదు.

ఈ చర్చకు మన ఊరితో నిజమైన సంబంధమొకటి ఉంది. 1991, 1993లలో రెండు సంపుటాలుగా సూసీ థారు, కె. లలిత హైదరాబాదు నుంచి సంకలనం చేసిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ముందుమాటలో గిల్బర్ట్, గూబార్, షోవాల్టర్‌లతో సూటిగా వాదించారు. దేశకాలాలు మారినా స్త్రీ అనుభవం ఒక్కటేనన్న ఊహను, మరుగునపడిన ఆ అనుభవాన్ని వెలికితీస్తే సరిపోతుందన్న ధీమాను వారు ఒప్పుకోలేదు. వారి చేతిలో ఉన్న ఉదాహరణ తంజావూరు కొలువు గణిక, కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’. కందుకూరి వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆ కావ్యాన్ని, ఆమె వృత్తిని ఎత్తిచూపి తీవ్రంగా నిందించారు. పంతులుగారి స్త్రీ విద్యా కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్త్రీల చదువు కోసం పోరాడిన మనిషే ఈ స్త్రీ రాతను సహించలేకపోవడంలో విక్టోరియన్ మర్యాద మన నేల మీద ఎలా నాటుకుందో కనిపిస్తుంది. విడాకుల చట్టం వచ్చిన 1857లోనే ఇంగ్లండులో అశ్లీల ప్రచురణల చట్టం కూడా వచ్చిందని ఇక్కడ గుర్తుచేయాలి.

19వ శతాబ్దం చివర అచ్చయిన ‘రాధికా సాంత్వనము’ ప్రతిలో పరిష్కర్త కొన్ని పద్యాలతోపాటు పీఠికను కూడా వదిలేశాడు. ఆ పీఠికలో ముద్దుపళని తన వంశాన్ని, తన ఇంటి ఆడవారి పాండిత్యాన్ని, తనకు దక్కిన గౌరవాన్ని తానే చెప్పుకుంది. తంజావూరు కొలువులో నిలబడి తన పేరు తాను చాటుకోవడానికి ఆమె ఎవరినీ అడగవలసి రాలేదు. ఆ పేరును తుడిచేయడానికి ఒక శతాబ్దపు మర్యాద కావలసి వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి, తొలగించిన భాగాలు చేర్చి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించారు. ప్రభుత్వం మరుసటి ఏడు నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో నిషేధం తొలగింది. నాగరత్నమ్మ ప్రతిని ఇప్పటిదాకా మన విశ్వవిద్యాలయాల్లో ఆంగ్ల శాఖవారు తెలుగు శాఖ వ్యవహారమనీ, తెలుగు శాఖవారు స్త్రీ అధ్యయన కేంద్రాల వ్యవహారమనీ అనుకుంటూ వచ్చారు. హావర్త్ గురించి పరిశోధన చేసే విద్యార్థి ఆ పీఠికను, పీఠిక మీద పరిశోధన చేసే విద్యార్థి 1847 నాటి ఆ ముఖపత్రాన్ని ఒకే బల్ల మీద పెట్టుకుని చదివే తరగతి ఇంకా మొదలు కావలసి ఉంది.